వాగు నుంచి సముద్రపు ఒడ్డుకు – మూడవ పాఠం: అల విరగని చోటు

కర్ర, రీలు, ముడుల సంగతి గత పాఠాలలో ముగిసింది. సముద్రపు ఒడ్డున నిలబడి చేపకు గాలం ఎక్కడ వేయాలన్నది ఈ పాఠం. నా దృష్టిలో ఈ విద్యలో సగం ఇదే.

చిత్తూరు, తిరుపతి చెరువుల నీరు ట్రౌట్‌కు సరిపడేంత చల్లగా ఉండదు కనుక, ఆ చేపను పట్టడం నేర్చుకోవాలంటే మనం నీలగిరుల వంటి కొండలకు వెళ్లవలసిందే. అక్కడి వాగులో ట్రౌట్ ప్రవాహానికి ఎదురు తిరిగి, రాతి చాటున నిలిచి, కొట్టుకువచ్చే పురుగు కోసం కాచుకుంటుంది. అందుకే ఆ వేటకు అలవాటుపడినవారు నీటిని చూడగానే ప్రవాహం, చాటు, మేత కలిసే చోటును వెతుకుతారు. సముద్రం దగ్గర కూడా వెతకవలసింది దానినే. అయితే ఇక్కడ చాటు ఇసుకతో ఏర్పడుతుంది, ఒక్క తుఫానుకే మారిపోతుంది.

తిరుపతి జిల్లాలోని తూపిలిపాలెం తీరానికి నీరు బాగా తీసిన వేళ వెళ్లి, కాస్త ఎత్తైన ఇసుక దిబ్బ మీద నిలబడి చూడండి. ఒడ్డుకు కొంత దూరంలో అలలు వరుసగా విరిగి తెల్లని నురుగు కట్టే చోట ఇసుక మెరక ఉంటుంది. దానికీ ఒడ్డుకూ మధ్య ముదురు రంగులో కనిపించేది లోతు. ఇక ఆ తెల్లని వరుస ఒకచోట తెగిపోయి, అల విరగకుండానే లోపలికి వచ్చి, నురుగు మాత్రం తిరిగి సముద్రం వైపు పోతూ కనిపిస్తే, అదే మెరకలోని గండి. ఒడ్డుకు చేరిన నీరంతా ఇసుకలోని చిన్న పీతలను, రొయ్యలను వెంట తీసుకుని ఆ గండి గుండా వెనక్కి పోతుంది కనుక చేపలు దాని అంచుల్లో మేతకు చేరుతాయి. ఎర పడవలసింది ఆ అంచునే.

ట్రౌట్ వేటగాళ్లకు నీటిలోకి దిగి నడవడం అలవాటు. ఆ అలవాటును ఇక్కడ పూర్తిగా మానుకోవాలి. ప్రశాంతంగా కనిపించే ఆ గండి ప్రవాహమే ఈతగాళ్లను సైతం సముద్రంలోకి ఈడ్చుకుపోతుంది.

మన తీరంలో రోజుకు రెండు పోట్లు (నీరు ఎక్కడం), రెండు పాట్లు (నీరు తీయడం) వస్తాయి; పోటు వేళ రోజుకు దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. అమావాస్య, పౌర్ణమి ప్రాంతాల్లో నీటి కదలిక ఎక్కువ, అష్టమి ప్రాంతాల్లో తక్కువ కనుక గోడ మీది తెలుగు క్యాలెండరు చూసి ప్రయాణం పెట్టుకోవచ్చు. పోటు ఎక్కడం మొదలైన తొలి గంటలు నాకు అన్నిటికన్నా ఇష్టమైనవి.

ఈ పాఠానికి అభ్యాసం: గాలం తీయకుండా అరగంట నీటిని చూసి, రెండు గండ్లను ఒడ్డున ఉన్న తాటిచెట్టుకో సరుగుడు తోపుకో సూటిపెట్టి పుస్తకంలో గీసుకోండి. పోటు వచ్చాక మెరకలు మునిగి గుర్తులు తెలియవు. అప్పుడు ఆ గీత ప్రకారం నిలబడి గాలం వేయండి.