ఓసీఐ కార్డుకు దరఖాస్తు: కాగితాల దగ్గరే అసలు పని

ఓసీఐని, అంటే విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత మూలాలవారికి ఇచ్చే ‘ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా’ నమోదును, చాలామంది రెండో పౌరసత్వం అనుకుంటారు గానీ, 1955 పౌరసత్వ చట్టంలోని 7ఏ సెక్షన్ కింద ఇచ్చే ఈ నమోదుతో ఓటు హక్కు రాదు, వ్యవసాయ భూమి కొనడమూ కుదరదు. దక్కేది ప్రధానంగా జీవితకాలపు వీసా.

1950 జనవరి 26న గానీ ఆ తర్వాత గానీ భారత పౌరులై ఉండి, ఇప్పుడు విదేశీ పౌరసత్వం ఉన్నవారు, వారి పిల్లలు, మనవలు, మునిమనవలు అర్హులు. పాకిస్థాన్, బంగ్లాదేశ్ పౌరసత్వం ఉన్నవారికి, వారి సంతతికి అవకాశం లేదు.

దరఖాస్తును ప్రభుత్వ పోర్టల్‌లో ఏ, బీ అనే రెండు భాగాలుగా నింపి, చదరపు ఫొటో, సంతకం, పత్రాలు జతచేయాలి. భారత పౌరసత్వం వదులుకున్నట్టు చూపే సరెండర్ సర్టిఫికెట్‌ను ముందే సంపాదించుకోవడం మంచిది, ఎందుకంటే అది లేక ఆగిపోయే దరఖాస్తులు ఎన్నో.

మన తెలుగువాళ్లకు ఇంటిపేరుతోనే చిక్కు: పదో తరగతి సర్టిఫికెట్‌లో ‘కె. లక్ష్మి’ అని, విదేశీ పాస్‌పోర్టులో పూర్తి ఇంటిపేరుతో ఉంటే, ఇద్దరూ ఒకరేనని నిరూపించాల్సి వస్తుంది. దరఖాస్తులో మాత్రం ప్రస్తుత పాస్‌పోర్టులో ఉన్నట్టే, అక్షరం పొల్లుపోకుండా రాయాలి. భార్య లేదా భర్త ద్వారా కోరేవారి వివాహం రిజిస్టరై, రెండేళ్లు నిండి ఉండాలి.