అశ్వగంధ చూర్ణం ఎప్పుడు, ఎంత, దేనితో తీసుకోవాలి

నాట్ల పని ముగిసిన తరువాతనో, మిర్యాలగూడ రైసు మిల్లుల్లో వరుసగా రాత్రి షిఫ్టులు చేసిన తరువాతనో ఒంట్లో సత్తువ తగ్గినట్టు అనిపిస్తే, మన నల్లగొండ, పాలమూరు ప్రాంతాల్లో చాలామంది నేరుగా మెడికల్ షాపుకు వెళ్లి బలానికి ఏదైనా మందు ఇమ్మని అడుగుతారు. అలా అడిగిన వారికి దొరికే వాటిలో అశ్వగంధ చూర్ణం ఒకటి. తెలుగులో పెన్నేరుగడ్డ అని పిలిచే మొక్క వేరును ఎండబెట్టి, దంచి, జల్లించిన పొడి ఇది. మంచి మందే కానీ, ఆకలిని, నిద్రను, ఇప్పటికే వాడుతున్న మందులను చూసుకుని వేసుకున్నప్పుడే మేలు చేస్తుంది.

డబ్బా తెరిచే ముందు నీరసానికి కారణం తెలుసుకోవడం తప్పనిసరి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో సగానికి మించి రక్తహీనత ఉంది. రక్తం తక్కువై వచ్చిన నీరసానికి కావలసింది ఐరన్. ఆ లోటును అశ్వగంధ పూడ్చలేదు. షుగరు, థైరాయిడ్, క్షయ వంటి జబ్బులు కూడా మొదట నీరసంగానే బయటపడవచ్చు. మర్రిగూడ, మునుగోడు వైపు ఏళ్ల తరబడి ఫ్లోరైడు నీళ్లు తాగిన పెద్దవారిలో కీళ్లు బిగుసుకుపోయి కాళ్లూ చేతులూ లాగుతుంటే దానిని కూడా బలహీనతగానే భావించి టానిక్కులు కొంటూ ఉంటారు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో హిమోగ్లోబిన్, షుగరు, థైరాయిడ్ పరీక్షల గురించి ముందు అడగండి. ఈ ఒక్క పని చేయకుండా నెలల తరబడి చూర్ణాలు మింగడం డబ్బుకే కాక ఆరోగ్యానికీ నష్టం.

ఇక మోతాదు. ఆయుర్వేద మందుల ప్రమాణాలు చెప్పే అధికారిక గ్రంథమైన భారత ఆయుర్వేద ఫార్మకోపియా పెద్దవారికి రోజుకు 3 నుంచి 6 గ్రాముల వేరు చూర్ణాన్ని సూచించింది. తలగొట్టిన టీస్పూను చూర్ణం సుమారు మూడు గ్రాములు ఉంటుంది. అయినా మొదటి వారం అర టీస్పూనుతో, అదీ రోజుకు ఒక్కసారే మొదలుపెట్టడం మేలు, ఎందుకంటే కొందరికి ఈ పొడి కడుపులో మంటనో, విరేచనాలనో, వికారాన్నో తెస్తుంది. తక్కువతో మొదలుపెడితే ఆ సంగతి ఇబ్బంది లేకుండా తెలుస్తుంది. షాపులో దొరికే క్యాప్సూళ్లలో సాధారణంగా ఉండేది గాఢంగా తీసిన సారం, దాని లెక్క మిల్లీగ్రాముల్లో ఉంటుంది. చూర్ణం, క్యాప్సూలు రెండూ కలిపి వేసుకోకూడదు.

వేళ విషయంలో ఎక్కువమందికి సరిపడేది రాత్రి. ఏడు, ఎనిమిది గంటలకు అన్నమో జొన్నరొట్టెనో తిన్న తరువాత గంట ఆగి, పడుకోబోయే ముందు తీసుకుంటే అప్పటికి కడుపు తేలికపడి ఉంటుంది, మందుకున్న మత్తు గుణం నిద్రకు తోడవుతుంది. మరుసటి రోజు కనిపించే సత్తువలో చాలా భాగం ఆ మంచి నిద్ర వల్లే వస్తుందని నా నమ్మకం. చ్యవనప్రాశను పొద్దున పరగడుపున తీసుకునే అలవాటు చాలా ఇళ్లలో ఉంది కాబట్టి అశ్వగంధను కూడా అలాగే వేసుకుంటారు, కానీ ఖాళీ కడుపున ఇది చాలామందికి పడదు. పొద్దున తీసుకోవలసి వస్తే తిన్న తరువాతే తీసుకోవాలి. విజయవాడ హైవే మీద లారీ నడిపేవారు, మిల్లులో తిరిగే యంత్రాల దగ్గర పనిచేసేవారు మాత్రం డ్యూటీకి ముందు దీనిని ముట్టకూడదు.

పాలతో తీసుకోవడం పాత పద్ధతి. పొడిని నేరుగా వేడి పాలలో వేస్తే ఉండలు కట్టి, పైన తేలి, తాగేటప్పుడు గొంతుకు అడ్డం పడుతుంది. ముందుగా గిన్నెలో రెండు చెంచాల చల్లని పాలలో పొడిని వేలితో నలిపి జావలా కలిపి, ఆపైన మిగిలిన పాలు పోసి, సన్నని మంట మీద కలియబెడుతూ నాలుగైదు నిమిషాలు కాచాలి. పొడి వాసన తగ్గి పాలు లేత గోధుమ రంగుకు తిరుగుతాయి. శాస్త్రంలో చెప్పిన క్షీరపాకం ఇంకా ఓపికగా చేసేది: ఒక వంతు మందుకు ఎనిమిది వంతుల పాలు, ముప్పై రెండు వంతుల నీళ్లు పోసి, పాలు మాత్రమే మిగిలేదాకా మరిగిస్తారు. అంటే 5 గ్రాముల పొడికి 40 మిల్లీలీటర్ల పాలు, 160 మిల్లీలీటర్ల నీళ్లు. తేనె కావాలనుకునేవారు పాలు గోరువెచ్చగా అయ్యాకనే కలపాలి. వేడి పాలలో తేనె వేయడాన్ని, నెయ్యి తేనె సమానంగా కలపడాన్ని ఆయుర్వేదం నిషేధించింది. పాలు పడనివారికి గోరువెచ్చని నీళ్లు చాలు. ఐరన్ మాత్ర వాడే మహిళలు దానిని ఈ పాలతో పాటు మింగకూడదు, పాలు ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వవు. మాత్ర పగలు, పాలు రాత్రి అని విడగొట్టుకోవాలి.

కాలం కూడా చూడాలి. ఆయుర్వేదం దీనిని ఉష్ణవీర్యంగా, అంటే ఒంట్లో వేడి పెంచే మందుగా లెక్కిస్తుంది, అందువల్ల జీర్ణశక్తి బలంగా ఉండే చలికాలం దీనికి అనువైనది. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర ఎండ 40 డిగ్రీలు దాటాక ఉపాధి హామీ పనికో, ఇటుక బట్టీకో వెళ్లి వచ్చిన మనిషి సోలిపోతే అది ఒంట్లోని నీరు, ఉప్పు చెమటగా పోవడం వల్ల వచ్చిన నీరసం. అప్పుడు కావలసినవి ఉప్పు వేసిన పలుచని మజ్జిగ, అంబలి, ఓఆర్ఎస్, నీడ.

గర్భిణులు, పాలిచ్చే తల్లులు, కాలేయ జబ్బు ఉన్నవారు, థైరాయిడ్ ఎక్కువగా పనిచేసేవారు దీనిని వాడకూడదు. పిల్లలకు సొంతంగా పెట్టకూడదు. థైరాయిడ్, షుగరు, బీపీ మాత్రలు, నిద్రమాత్రలు, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడేవారు డాక్టరును అడిగాకే మొదలుపెట్టాలి, ఎందుకంటే వాటి పనిని ఇది పెంచవచ్చు లేదా చెడగొట్టవచ్చు. కల్లు, మద్యం తాగిన రాత్రి అసలే వద్దు. ఆల్ప్రాజోలం వంటి మత్తుమందు కలిపిన కల్లు మన జిల్లాల్లో పట్టుబడుతూనే ఉంది, దాని మీద ఈ మందు చేరితే మత్తు ఇంకా పెరిగే ప్రమాదం ఉంది. ఆపరేషను నిర్ణయమైతే రెండు వారాల ముందే ఆపి, వాడిన సంగతి డాక్టరుకు చెప్పాలి.

కొనేటప్పుడు డబ్బా మీద తయారీ లైసెన్సు నంబరు, బ్యాచి నంబరు, తయారీ తేదీ, గడువు తేదీ, వేరు అన్న మాట ఉన్నాయో లేవో చూడండి. ఆకుల వాడకాన్ని మానాలని 2021లో కేంద్ర ఆయుష్ మంత్రిత్వ శాఖ తయారీదారులకు సూచించింది, కాబట్టి వేరుతో చేసినదే తీసుకోవాలి. అంగడిలో పేరూ ఊరూ లేని పొట్లాల్లో అమ్మే బలం పొడులకు దూరంగా ఉండండి. రెండు రోజుల్లోనే ఒళ్లు నొప్పులన్నీ మాయమై ఆకలి విపరీతంగా పెరిగితే అందులో స్టెరాయిడ్ కలిసిందేమోనని అనుమానించాలి. అశ్వగంధ అంత త్వరగా పనిచేసే మందు కాదు. మార్పు తెలియడానికి కొన్ని వారాలు పడుతుంది. దీని మీద జరిగిన అధ్యయనాల్లో ఎక్కువ భాగం మూడు నెలలలోపువే, అందుకే మూడు నెలలకు మించి సొంతంగా కొనసాగించవద్దు. మధ్యలో కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగుకు మారినా, ఒళ్లంతా దురద పెట్టినా ఆ పూటే మందు ఆపి, డబ్బాతో సహా ఆసుపత్రికి వెళ్లి కాలేయ పరీక్ష చేయించుకోవాలి.