సెలవు రోజు ఫన్ రన్: ఏర్పాట్లు చివరి కుటుంబం దగ్గర మొదలుపెట్టాలి

ఏటా ఒక సెలవు రోజున కుటుంబాల కోసం ఫన్ రన్, అంటే గెలుపోటములు లేని సరదా పరుగు, పెట్టాలని రన్నింగ్ క్లబ్బు సభ్యులు కూర్చుని మాట్లాడుకుంటే, చర్చ తమకు అలవాటైన పోటీల మీదికే పోతుంది. ఒక్కొక్కరి పరుగు సమయాన్ని నమోదు చేసే టైమింగ్ చిప్ పెట్టాలా, మొదటి ముగ్గురికి ఏమివ్వాలి అన్న దగ్గరే గంట గడిచిపోతుంది. నిజానికి ముందు వచ్చేవాళ్ల గురించి నిర్వాహకులు పెద్దగా ఆలోచించవలసిన పని లేదు. ఒక చేత్తో స్ట్రోలర్ తోస్తూ, ఇంకో చేత్తో నాలుగేళ్ల పిల్లను పట్టుకుని అందరికంటే వెనుక నడిచి వచ్చే కుటుంబానికి ఏమేమి కావాలో ముందుగా రాసుకుంటే, మిగిలినవాళ్లకు కావలసినవి చాలా వరకు అందులోనే వచ్చేస్తాయి.

మొదట దూరం తేల్చుకోవాలి. 2004లో లండన్‌లో 13 మందితో మొదలై తర్వాత అనేక దేశాలకు పాకిన పార్క్‌రన్ అనే ఉచిత వారపు పరుగు కార్యక్రమంలో పెద్దలకు 5 కిలోమీటర్లు, 4 నుంచి 14 ఏళ్ల పిల్లలకు 2 కిలోమీటర్లు అన్న పద్ధతి ఉంది. కొత్తగా మొదలుపెట్టే క్లబ్బుకు కూడా ఈ రెండు దూరాలు చాలు. చిన్నపిల్లలతో మధ్యమధ్య ఆగుతూ నడిచేవాళ్ల వేగం గంటకు 3 కిలోమీటర్లు అనుకుంటే 2 కిలోమీటర్లకు 40 నిమిషాలు పడుతుంది కనుక, దారి ఎంతసేపు మన అధీనంలో ఉండాలన్నది ఈ లెక్కతోనే నిర్ణయించాలి. అధికారిక పోటీల దారిని సరిచూసిన సైకిల్‌తో కొలిచి, తక్కువ పడకుండా కిలోమీటరుకు ఒక మీటరు అదనంగా కలుపుతారు. ఫన్ రన్‌కు అంత పట్టింపు అక్కరలేదు, కొలత చక్రం తోసుకుంటూ ఒకసారి నడిస్తే సరిపోతుంది. ఫోనును మాత్రం నమ్ముకోకూడదు, ఎత్తైన భవనాల మధ్య, దట్టమైన చెట్ల కింద దాని లెక్క తప్పుతుంది.

దారి ఎంపికలో మెట్లు, గుంతలు, రోడ్డు దాటవలసిన చోట్లు లేకుండా చూసుకోవాలి. దీనికి పటం చాలదు, స్ట్రోలర్‌లో బరువు పెట్టుకుని, పరుగు జరిగే వేళకే ఒకసారి తోసి చూడాలి. 2, 5 కిలోమీటర్ల దారులు విడిపోయే చోటు అన్నింటికంటే ప్రమాదకరమైనది. ఒక ఏడాది మేము అక్కడ బాణం గుర్తు బోర్డు ఒక్కటే పెట్టి ఊరుకున్నాం. బోర్డు పెద్దల కంటికి సరిపోయే ఎత్తులో ఉంది. ఏడెనిమిదేళ్ల పిల్లలు ముందు పరుగెత్తేవాళ్ల కాళ్లను చూస్తూ వెళతారే తప్ప తలెత్తి బోర్డు చదవరు. ఒక పిల్లవాడు అలాగే 5 కిలోమీటర్ల దారి పట్టుకుని వెళ్లిపోయాడు, అతణ్ణి వెతికి తెచ్చేసరికి తల్లి ముఖంలో రక్తం లేదు. ఆ తర్వాత నుంచి అక్కడ ఇద్దరు వాలంటీర్లు చేతులు చాపి నిలబడుతున్నారు.

పోలీసుల అనుమతి, పురపాలక సంఘం అనుమతి, ప్రథమ చికిత్స బృందం ఏ పరుగుకైనా ఉండవలసినవే. సెలవు రోజున ఆయా కార్యాలయాల్లో ఎవరూ దొరకరు కాబట్టి అన్నీ ముందే కాగితం మీద తీసుకోవాలి. వాలంటీర్లకు కూడా అది సెలవేనని గుర్తుంచుకుని, ఒక్కొక్కరిని రెండు గంటలకు మించి నిలబెట్టకుండా వంతులు వేయడం న్యాయం.

నమోదు కుటుంబానికి ఒకే దరఖాస్తుగా ఉండాలి. ఇంట్లో అందరికీ ఒకే అంకె ఇచ్చి, పిల్లల బిబ్ (చొక్కాకు పిన్నీసులతో పెట్టుకునే అంకె చీటీ) రంగు మాత్రం మార్చితే ఏ పిల్ల ఎవరి పిల్లో వాలంటీరుకు చూడగానే తెలుస్తుంది. అత్యవసర ఫోను నంబరు బిబ్ వెనుక వైపు రాయించాలి. బిబ్‌కు నాలుగు పిన్నీసులు ఇవ్వాలి, రెండే ఇస్తే కింది అంచు గాలికి లేచి చిన్నపిల్లల ముఖానికి కొడుతుంది. పిల్లలకు పిన్నీసు పెట్టేటప్పుడు చొక్కా లోపల అరచెయ్యి అడ్డం పెట్టి గుచ్చమని బిబ్‌లు ఇచ్చే బల్ల దగ్గరే చెప్పడం మంచిది.

రెండు పరుగులు ఏ క్రమంలో మొదలుపెట్టాలన్నది చాలా క్లబ్బులు పొరపడే విషయం. 5 కిలోమీటర్లవాళ్లను ముందు వదిలి, పది నిమిషాల తర్వాత పిల్లలను వదిలితే, వేగంగా పరుగెత్తేవాళ్లు 18, 20 నిమిషాలకు పూర్తి ఊపులో తిరిగి వచ్చే సమయానికే చురుకైన పిల్లలు కూడా అదే ఫినిష్ లైన్‌కు చేరుకుంటారు. అందుకని 2 కిలోమీటర్ల పరుగును ముందు పెట్టి, చివరి కుటుంబం వచ్చాకే 5 కిలోమీటర్లది మొదలుపెట్టాలని నా అభిప్రాయం. కార్యక్రమం మరో ముప్పావు గంట సాగుతుంది, నిజమే. అయితే పిల్లలతో నడిచిన తల్లో తండ్రో రెండో పరుగులో తమ కోసం తాము పరుగెత్తవచ్చు. ఎండ ముదరకముందే అంతా ముగిసేలా మొదటి పరుగును ఆ మేరకు పెందలాడే ఆరంభించాలి. ఉరుము వినిపిస్తే అందరినీ పైకప్పు కిందికి పంపి, చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగాలన్న నియమాన్ని ముందే ప్రకటించి ఉంచితే ఆ రోజు వాదనలు ఉండవు.

ఫినిష్ లైన్ దాటగానే పెద్దలు ఫొటో కోసం అక్కడికక్కడే ఆగిపోతారు, వెనుక వచ్చే పిల్లలు వాళ్ల కాళ్లకు తగిలి పడతారు. గీత తర్వాత 30 మీటర్ల వరకు కోన్‌లతో దారి పొడిగించి, మెడల్స్, నీళ్లు ఆ చివర పెడితే జనం వాళ్లంతట వాళ్లే కదులుతారు. మెడల్ పిల్లలందరికీ ఒకటే ఉండాలి. దాని మీద సంవత్సరం అచ్చు వేయించకపోతే మిగిలినవి మరుసటి ఏడాదికి పనికొస్తాయి. నీళ్లు సగం కప్పే పోయాలి, చెత్తబుట్టలు బల్ల పక్కన కాకుండా ముందుకు, నాలుగైదు అడుగులకొకటి చొప్పున రెండు మూడు చోట్ల పెట్టాలి, ఎందుకంటే ఎవరూ నీళ్లు తీసుకున్న చోటికి వెనక్కి రారు.

తప్పిపోయిన పిల్లలను తీసుకురావలసిన చోటు ఒక్కటే ఉండాలి, అది ఎక్కడో మైకులో పదేపదే చెప్పాలి. పిల్ల దొరికినప్పుడు మాత్రం పేరు, గుర్తులు మైకులో చెప్పకూడదు. ఇద్దరు వాలంటీర్లు పక్కనే ఉండి, బిబ్ అంకె సరిపోయిన పెద్దలకే అప్పగించాలి.

అందరికంటే వెనుక ఒక వాలంటీరు నడవాలి. అతను ఎవరినీ తొందరపెట్టడు, ఎవరినీ దాటడు. అతను దాటిన మలుపు దగ్గరి వాలంటీరుకు మాత్రమే సెలవు. అతను ఫినిష్ లైన్ చేరేదాకా తోరణం విప్పకూడదు, మైకు ఆపకూడదు, మెడల్స్ పెట్టె మూయకూడదు.