పొదుగువాపు పాఠాలు – 5: ట్యూబులకు లొంగని వాపు

పోయిన పాఠంలో సి.ఎం.టి. (పాలలో మందు కలిపి వాపును గుర్తించే కాలిఫోర్నియా మాస్టైటిస్ టెస్ట్) పరీక్షతో ఏ చన్నులో వాపు ఉందో పట్టుకోవడం నేర్చుకున్నాం. ఈసారి మందు పడుతున్నా తగ్గని వాపు.

మూడు రోజులు ట్యూబులు (చన్ను రంధ్రంలోకి ఎక్కించే యాంటీబయాటిక్ మందు) ఎక్కించినా పొదుగు మెత్తబడలేదు. జ్వరం 104 దాటింది, పాలు ఇంకా తగ్గాయి. ఇలాంటప్పుడు వెంటనే ఇంకో యాంటీబయాటిక్‌కు మారకండి, శిలీంధ్రాన్ని (ఫంగస్) అనుమానించండి. ఎక్కువగా కనిపించేది కాండిడా అనే ఈస్ట్. యాంటీబయాటిక్ దాన్ని చంపదు. పైగా దానికి పోటీగా ఉన్న బాక్టీరియాను తుడిచిపెట్టి చోటిస్తుంది. అది లోపలికి చేరేది చాలాసార్లు మన చేతుల మీదుగానే: ఒకే సిరంజి నాలుగు ఆవులకు వాడటం, ఎప్పుడో తెరిచిన సీసాలోంచి మందు లాగడం, చన్ను మొన తుడవకుండా ట్యూబు దూర్చడం.

కంటితో చూసి తేల్చలేం, పాలు పరీక్షకు పంపాల్సిందే. చేతులు కడిగి, చన్నులు పొడిగా తుడవండి. 70 శాతం స్పిరిట్ దూదితో చన్ను మొనను రుద్దండి, దూదికి మురికి అంటనంత వరకు. ముందు అవతలి వైపు చన్నులు, తర్వాత మీ వైపువి. పాలు తీసేటప్పుడు వరస తిరగేయండి, లేకపోతే తుడిచిన చన్నుకు మీ మోచెయ్యి తగులుతుంది. మొదటి మూడు నాలుగు ధారలు వదిలేసి, స్టెరైల్ సీసాను ఏటవాలుగా పట్టి 5 నుంచి 10 మి.లీ. పట్టండి. నిలువుగా పడితే పొదుగు మీది దుమ్ము అందులో రాలుతుంది, ఫలితం తప్పుతుంది. చన్నుకో సీసా. ఐస్ పెట్టెలో పెట్టి అదే రోజు చేర్చండి.

బెంగళూరు చుట్టుపక్కల యలహంక, హోస్కోటె వైపు వాళ్ళకు హెబ్బాల్ వెటర్నరీ కాలేజీ దగ్గర. డాక్టరు చీటీలో 'శిలీంధ్ర పరీక్ష' అని విడిగా రాయించండి. కౌంటర్లో కన్నడలో 'కెచ్చలు బావు' (పొదుగువాపు) అంటే అర్థమవుతుంది. శిలీంధ్రాన్ని ల్యాబులో సబరాడ్ అగర్ అనే ప్రత్యేక పోషక పదార్థం మీద పెంచాలి, కొన్ని రకాలకు వారం పడుతుంది. మామూలు కల్చర్‌లో (ల్యాబులో సూక్ష్మజీవులను పెంచి చూసే పరీక్ష) ఏమీ రాలేదని నిశ్చింతగా ఉండకూడదు.

ఫలితం వచ్చేలోపు డాక్టరుకు చెప్పి ట్యూబులు ఆపి, మూడు నాలుగు గంటలకోసారి ఆ చన్ను పూర్తిగా పిండేయండి. ఆ పాలు దూడకు కూడా వద్దు, పారబోయండి. ఆ ఆవును అన్నిటికన్నా చివర పిండండి. కాండిడా చాలా ఆవుల్లో ఇలా పిండటంతోనే కొన్ని వారాల్లో తగ్గిపోతుంది. క్రిప్టోకాకస్, ఆస్పర్‌జిల్లస్ అనే ఇతర శిలీంధ్రాలు అంత తేలిగ్గా వదలవు. శిలీంధ్రపు మందు ఇవ్వాలో వద్దో డాక్టరే నిర్ణయించాలి.

బూజు పట్టిన గడ్డి పరుపుగా వేయకండి. ఇకపై ట్యూబు ఎక్కించాల్సి వస్తే మొన 3, 4 మి.మీ. మించి లోపలికి పోనివ్వకండి.