స్టెప్నీ క్యారియర్, మూడో పాఠం: ఊపు ఎక్కడుందో పట్టుకుందాం

పోయిన పాఠంలో స్టెప్నీ విప్పి, దాన్ని మోసే ఇనుప చట్రం, అంటే క్యారియర్‌ని, వెనక డోర్‌కి పట్టి ఉంచే బోల్టులు ఎన్ని, ఏ సైజువి అని కాగితం మీద రాసుకున్నాం. ఆ కాగితం ఇవాళ పనికొస్తుంది, దగ్గర పెట్టుకోండి. స్టెప్నీని మళ్లీ దాని చోట బిగించేయండి. ఈ వారం పని ఒక్కటే. గతుకు దిగినప్పుడల్లా వెనక నుంచి వచ్చే ఆ ‘టక్ టక్’ ఎక్కడ పుడుతోందో పట్టుకుని, అక్కడే ఆపాలి. లావు టైరు ఎక్కించడం, కొత్త క్యారియర్ చేయించడం దాని తర్వాతే.

ఈ వరస తప్పడం వల్ల నాకు డోర్ పాడైంది. నా మారుతి జిప్సీకి కంపెనీ ఇచ్చిన టైరు 205/70 ఆర్15. ఒక షాపులో 235/75 ఆర్15 వేయించాను. స్టెప్నీ కూడా అదే సైజు. దాని ఎత్తు దాదాపు 6.5 సెంటీమీటర్లు పెరిగింది, వెడల్పు 3 సెంటీమీటర్లు పెరిగింది, బరువు సరేసరి. బిగించినవాళ్లు క్యారియర్ వైపు చూడలేదు, నేనూ అడగలేదు. కొండపల్లి వైపు రాళ్ల దారుల్లో మూడు నెలలు తిరిగాక, ఒకరోజు బండి కడుగుతుంటే డోర్ తిరిగే పై హింజి (కీలు) పక్కన పెయింటు మీద వెంట్రుక మందాన ఎర్రటి గీత కనిపించింది. గోరు పెట్టి గీకితే గోరు దిగింది. రేకు చీలింది.

విజయవాడ ఆటోనగర్‌లో ఒక లేతు మేస్త్రి గారి దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన పానా కూడా ముట్టుకోలేదు. స్టెప్నీ కింద రెండు చేతులూ పెట్టి ఒక్కసారి పైకి ఎత్తి వదిలారు. టక్ మంది. “బరువు మోస్తుంది సార్ రేకు. ఊగితేనే ఓర్చుకోదు” అన్నారు. ఈ పాఠమంతా ఆ మాట మీదే నడుస్తుంది.

ముందు చిన్న లెక్క చూద్దాం. స్టెప్నీ 25 కిలోలు అనుకోండి. డోర్ తెరిచినప్పుడు టైరు మధ్య భాగం హింజిల నుంచి 70 సెంటీమీటర్ల దూరంలో ఉంది. రెండు హింజిల మధ్య ఎడం 45 సెంటీమీటర్లు. 25ని 70తో గుణించి 45తో భాగిస్తే దాదాపు 39. అంటే పై హింజిని 39 కిలోల బలం బయటికి లాగుతోంది, కింది హింజిని అంతే బలం లోపలికి నొక్కుతోంది. స్టెప్నీ 35 కిలోలైతే అది 54 అవుతుంది. ఇందులో డోర్ సొంత బరువు కలపలేదు. బండి నిలబడి ఉన్నప్పుడే ఇంత, గుంతలో పడితే దీనికి కొన్ని రెట్లు. నా డోర్ పై హింజి దగ్గరే ఎందుకు చీలిందో ఇప్పుడు తెలుస్తోంది కదా. మీ బండి కొలతలతో ఈ లెక్క ఒకసారి వేయండి. బరువు ఊహించి రాయొద్దు, పాత ఇనుము కొట్టులో కాటా మీద పెడితే రెండు నిమిషాల పని.

ఇక పరీక్ష. బండిని సమతలంగా ఉన్నచోట ఆపి, హ్యాండ్ బ్రేకు వేసి, వెనక డోర్ మూయండి. ఇంట్లో ఎవరినైనా సాయం పిలవండి. వాళ్లు స్టెప్నీని కింద నుంచి పైకి ఎత్తి వదులుతుంటే మీరు వేలు పెట్టి చూస్తుండాలి. కంటికి ఆనని కదలిక వేలికి తెలుస్తుంది. వేలు సగం ఒక భాగం మీద, సగం పక్క భాగం మీద ఆనించండి. మొదట టైరుకీ క్యారియర్ ప్లేటుకీ మధ్య చూడండి. అక్కడ కదిలితే వీల్ నట్లు లూజైనా అయ్యుండాలి, లేదా ఆ వీలుకి సరిపడని నట్లైనా అయ్యుండాలి. స్టీల్ వీలు తీసేసి అల్లాయ్ వేసినవాళ్లు ఇక్కడ జాగ్రత్త. నట్టు మొహం వాలుగా ఉందా, చదునుగా ఉందా అన్నది వీలు రంధ్రానికి సరిపోవాలి. తర్వాత ప్లేటుకీ డోర్ రేకుకీ మధ్య చూడండి. అక్కడ కదిలితే బోల్టులు. ఆ తర్వాత హింజి రెండు రెక్కల మధ్య చూడండి. అక్కడైతే పిన్ను, అది తిరిగే గొట్టం (బుష్షు) అరిగాయి. ఈ మూడు చోట్లా గట్టిగా ఉండి డోర్ మొత్తం బాడీ మీద ఊగుతుంటే లాకు దగ్గరో, రబ్బరు బఫర్ల దగ్గరో ఖాళీ ఉంది.

బఫర్ల సంగతి చాలామంది పట్టించుకోరు. నాకైతే అదే అన్నిటికంటే ముఖ్యం అనిపిస్తుంది. మూసిన డోర్‌ని బాడీకి బిగువుగా ఆనించి ఉంచేవి అవే. వార్తాపత్రిక నుంచి రెండు వేళ్ల వెడల్పు ముక్క చింపి, బఫర్ మీద పెట్టి డోర్ మూసి లాగండి. సులువుగా జారి వచ్చిందంటే బఫర్ పని చేయడం లేదు. చిరిగితే, లేదా బాగా బిగువుగా వస్తే సరిపోయింది. ప్రతి బఫర్ దగ్గరా ఇలాగే చూడండి. సర్దుబాటు మర ఉన్న బఫరైతే తిప్పి బయటికి తీయండి, లేకపోతే వెనక గట్టి రబ్బరు షీటు ముక్క ప్యాకింగ్ పెట్టండి. రెండు మూడు మిల్లీమీటర్లు నొక్కుకుంటే చాలు. అంతకు మించితే డోర్ లాకు పడక మీరు బలంగా కొట్టి మూయాల్సి వస్తుంది, అప్పుడు లాకు పాడవుతుంది.

బోల్టులు లూజైతే ఉత్తగా బిగించి వదలకండి. ఒక్కొక్కటీ విప్పి మర చూసి, అరిగితే మార్చండి. తల మీద 8.8 అని (అది బోల్టు బలం గుర్తు) ఉన్నవే కొనండి. బిగింపు మీ బండి పుస్తకంలో ఉన్నట్టే చేయండి. అందులో లేకపోతే, నూనె లేని పొడి మర మీద ఎం10 (10 మిల్లీమీటర్ల బోల్టు)కి సుమారు 45, ఎం12కి సుమారు 80 న్యూటన్ మీటర్లు, టార్క్ పానా మీద ఆ అంకె చూసి బిగించాలి. లోపలి వైపు రేకు పల్చన కాబట్టి మామూలు వాషర్ల బదులు, అన్ని రంధ్రాలూ కలిసొచ్చేలా 3 మిల్లీమీటర్ల ప్లేటు ఒకటి కోయించి పెట్టండి. బరువు పెద్ద జాగా మీద పరుచుకుంటుంది. కొత్తగా వేసిన ప్రతి రంధ్రం అంచుకీ రెడ్ ఆక్సైడ్ పూయాలి. ఆ చిన్న పని మానేస్తే రెండు వానాకాలాల్లో రంధ్రం చుట్టూ రేకు పొట్టు లేస్తుంది.

హింజి అరిగితే లేతు పని తప్పదు. రంధ్రం సాపు చేయించి గన్‌మెటల్ బుష్షు కొట్టించండి, వీలైతే గ్రీజు ఎక్కించే నిపిల్ కూడా పెట్టించండి. ఇంట్లో పిన్ను తీసేముందు స్టెప్నీ దించేసి, డోర్ కింద జాకీ, మధ్యలో చెక్క పెట్టండి. ఒకసారికి ఒక హింజే తీయండి. రెండూ ఒకేసారి తీస్తే డోర్‌ని మళ్లీ వరసలో కూర్చోబెట్టడానికి పూట పడుతుంది.

సూర్యలంక సముద్రం ఒడ్డుకో, కృష్ణ ఇసుకలోకో వెళ్లి వచ్చినవాళ్లు అదే రోజు మంచినీళ్లతో క్యారియర్ వెనక భాగం కడగాలి. డోర్ కింది అంచున నీరు పోయే చిన్న రంధ్రాలుంటాయి, ఇసుకతో మూసుకుపోతే సైకిల్ పుల్లతో పొడవండి. టైరు కవరు వాడేవాళ్లు వానాకాలంలో వారానికోసారి తీసి ఆరబెట్టండి. స్టెప్నీ గాలి నెలకోసారి చూసుకోండి. టైరు పక్క గోడ మీద తయారీ తేదీ నాలుగు అంకెల్లో ఉంటుంది. 3521 అంటే 2021లో 35వ వారం. మన ఎండలకి, వాడని టైరు కూడా పక్క గోడ పగులుతుంది. నాలుగు చక్రాల సైజే స్టెప్నీదీ అయితే దాన్నీ వంతులవారీగా కింద తిప్పడం మంచిది.

వచ్చే పాఠంలో డోర్ మీద బరువు తీసేసి బంపర్‌కి స్టెప్నీని మోస్తూ విడిగా తిరిగే ఇనుప చెయ్యి అమర్చడం చూద్దాం. వెల్డింగ్ ఉంటుంది. బండికి ఇలాంటి మార్పు చేసేముందు మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం అనుమతి సంగతి రవాణా శాఖ కార్యాలయంలో కనుక్కోండి. వెనక లైట్లకి, నంబర్ ప్లేటుకి టైరు అడ్డు రాకూడదు.

అప్పటిదాకా మీ పని: నాలుగు చోట్లా వేలు పెట్టి చూసింది, ప్రతి బఫర్ దగ్గరా కాగితం ఎలా వచ్చింది, కాటా మీద తేలిన బరువు, హింజిల మధ్య ఎడం రాసి పెట్టుకోండి. బంపర్ చివరి నుంచి ఛాసిస్ కమ్మీకి ఎంత దూరమో కూడా కొలవండి, చెయ్యి తిరిగే ఇరుసు అక్కడే నిలబెట్టాలి.