మాడ్యులేషన్ పాఠాలు – 4: శ్రుతి చెడకుండా కోరస్

పోయిన పాఠంలో ట్రెమొలో చూశాం. అక్కడ ఎల్‌ఎఫ్‌ఓ (నెమ్మదిగా పైకీ కిందికీ ఊగుతూ ఏదో ఒక సెట్టింగ్‌ని కదిలించే సిగ్నల్) ఊపింది వాల్యూమ్‌ని. ఈసారి దాన్నే డిలే టైముకి, అంటే శబ్దం వినిపించే ఆలస్యానికి తగిలిద్దాం. అప్పుడు వచ్చేదే కోరస్.

పాట వెనక గుంపుగా పాడేవాళ్లని మనం కోరస్ అంటాం కదా, ఎఫెక్ట్ పేరూ అందులోంచి వచ్చిందే. పదిమంది ఒకే స్వరం అందుకున్నా అందరి గొంతులూ ఒకే క్షణంలో మొదలవవు, ఒకే శ్రుతి మీద నిలవవు. ఆ చిన్న తేడాల వల్లే వినడానికి నిండుగా ఉంటుంది. ప్లగిన్ (రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఎఫెక్ట్ ఇచ్చే చిన్న ప్రోగ్రాం) మన గొంతుకి ఒక నకలు తీసి, 20 మిల్లీసెకన్లు ఆలస్యంగా వినిపిస్తూ, ఆ ఆలస్యాన్ని కాస్త పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది.

ఆలస్యం మారితే శ్రుతి ఎందుకు మారాలి? చెన్నై కోడంబాక్కం స్టేషన్‌లో నిలబడి, ఆగకుండా వెళ్లే ఎక్స్‌ప్రెస్ హారన్ వినండి. వస్తున్నంతసేపూ హెచ్చుగా ఉండి, మనల్ని దాటగానే దిగిపోతుంది. రైలు దగ్గరయ్యేకొద్దీ శబ్దం మనల్ని చేరే ఆలస్యం తగ్గుతుంటుంది, దూరమయ్యేకొద్దీ పెరుగుతుంటుంది. ప్లగిన్‌లో జరిగేదీ ఇదే.

ఇక్కడ కాస్త ఆగి చదవండి. డిలే అటు 2, ఇటు 2 మిల్లీసెకన్లు ఊగుతోందనుకుందాం (ఎంత ఊగాలో చెప్పేది డెప్త్). రేట్ (సెకనుకి ఎన్నిసార్లు ఊగాలో) 0.5 హెర్ట్జ్ ఉంటే నకలు శ్రుతి సుమారు 11 సెంట్లు (శ్రుతి తేడాకి కొలత) పైకీ కిందికీ పోతుంది. వినడానికి హాయిగానే ఉంటుంది. డెప్త్ ముట్టుకోకుండా రేట్ 5కి తిప్పండి, పైకి పోయేటప్పుడు 105 సెంట్లు! 100 సెంట్లంటే ఒక స్వరస్థానం. మీరు షడ్జమం పాడుతుంటే నకలు శుద్ధ రిషభం దాకా వెళ్లి వస్తోందన్నమాట. కాబట్టి రేట్ రెట్టింపు చేస్తే డెప్త్ సగం చెయ్యాలి.

నాకిది చెన్నై సాలిగ్రామంలో ఒక తోడి రాగం ఆలాపన మిక్స్ చేస్తున్నప్పుడు తెలిసొచ్చింది. తోడిలో గాంధారం నిలకడగా ఉండదు, గమకంతోనే పలుకుతుంది. గాయని ఊపు ఒకటి, ఎల్‌ఎఫ్‌ఓ ఊపు మరొకటి. ఆవిడ హెడ్‌ఫోన్స్ తీసి, "నా గాంధారం ఏమైందండీ?" అని అడిగారు. గొంతు మీద కోరస్ తీసేసి, వెనక ఉన్న కీబోర్డ్ ప్యాడ్‌కి (నిలకడగా సాగే నేపథ్య నాదానికి) మాత్రమే ఉంచాను. పాట విడిగా, స్పష్టంగా నిలబడింది. అప్పట్నుంచి గమకం ఎక్కువున్న గొంతుకీ, వీణకీ కోరస్ వాడను. తంబూరాకైతే అసలే వద్దు, ఆధార శ్రుతే ఊగితే పాడేవాళ్లు దేన్ని పట్టుకుంటారు?

ఇక సాధన. నిలకడగా మోగే ప్యాడ్ ఒకటి తీసుకోండి. డిలే 20 మిల్లీసెకన్లు, రేట్ 0.5, మిక్స్ (మొత్తంలో నకలు పాలు) 30 శాతం. వింటూ రేట్ మెల్లగా పెంచండి, శ్రుతి ఎక్కడ చెడిందో అంకె రాసుకోండి. ఇప్పుడు డెప్త్ తగ్గిస్తూ మళ్లీ దారికి తెచ్చుకోండి. స్టీరియో కోరసైతే మోనోలో (ఎడమ, కుడి కలిపి ఒకే చానెల్‌గా) కూడా వినండి. చాలామంది పాట వినేది ఫోన్ స్పీకర్‌లో, అక్కడ ఆ వెడల్పు పెద్దగా మిగలదు, ఒక్కోసారి శబ్దమే పలచబడుతుంది.

చివరగా డెప్త్ సున్నా చేసి, మిక్స్ 50 శాతంలో పెట్టి, డిలేని 1 మిల్లీసెకనుకి దించండి. శబ్దం గొట్టంలోంచి వస్తున్నట్టు మారుతుంది. అసలు శబ్దం, నకలు ఒకదాన్నొకటి కొట్టేసుకుని 500, 1500, 2500 హెర్ట్జ్ దగ్గర గుంటలు పడ్డాయి. ఆ గుంటల్ని కదిలిస్తే ఫ్లాంజర్ అనే ఎఫెక్ట్. అది వచ్చే పాఠం.