వంజరం ముక్కలు విరగకుండా వేగాలంటే
అర అంగుళం మందాన కోయించిన వంజరం ముక్కలను ఉప్పు, పసుపుతో కడిగాక, పొడి గుడ్డతో రెండు వైపులా తడి పూర్తిగా అద్దాలి. తడి మిగిలితే మసాలా జారిపోవడమే కాక, ముక్క వేగడానికి బదులు ఉడుకుతుంది. కారం, ఉప్పు, పసుపు, అల్లం వెల్లుల్లి ముద్ద, చెంచాడు బియ్యప్పిండి కొద్దిపాటి నూనెతో కలిపి పట్టించి, అరగంట నానబెడితే చాలు. నిమ్మరసం మాత్రం ముందుగా కలపకపోవడమే మేలని నా గట్టి అభిప్రాయం, ఎందుకంటే పులుపులో ఎక్కువసేపు నానిన చేప కండ పట్టు తప్పి, తిప్పేటప్పుడు విరిగిపోతుంది. ఇనుప పెనం మీద నూనె బాగా కాగాక ముక్కలను ఎడంగా పరిచి, మధ్యస్థమైన మంట మీద 4 నిమిషాల పాటు కదపకుండా ఉంచాలి. అడుగు ఎర్రబడి గట్టిపడిన ముక్క తనంతట తానే పెనాన్ని వదులుతుంది; అప్పుడే అట్లకాడతో తిప్పి, రెండో వైపు కూడా వేగాక దించి, నిమ్మకాయ పిండాలి.